సియర్స్ టవర్‌ని తాతయ్యకు తెలుగులో చెప్పించడం ఎలా

అమెరికాలో పెరిగే మన పిల్లల తెలుగులో ముందు ఊడిపోయేవి క్రియలు. 'బిల్డింగ్ షేక్ అవుతుంది', 'పేపర్ బెండ్ అయింది' అంటారు. బిల్డింగు, పేపరు మనమూ అంటాం, వాటితో పేచీ లేదు. ఊగడం, వంగడం, నలగడం, జారడం, కుంగడం పోతేనే మాట చప్పబడిపోతుంది. ఇవి పాఠం చెబితే వచ్చేవి కావు, వంగేదో ఊగేదో చేతిలో ఉండాలి. షికాగో చుట్టుపక్కల ఉండేవాళ్లకు అందుకు ఆ ఊళ్లోని 110 అంతస్తుల భవనం సియర్స్ టవర్ కంటే మంచి వస్తువు లేదు. ఎండాకాలం సెలవులకు విజయవాడ వెళ్లినప్పుడు చార్టులతో దాని నమూనా కట్టించండి. అది ఎలా నిలబడిందో తాతయ్యకు పిల్లల చేతే చెప్పించండి.

2009లో దానికి విల్లిస్ టవర్ అని పేరు మార్చారు. షికాగోలో చాలామంది ఇప్పటికీ సియర్స్ అనే అంటారు. తాతయ్యకు ఇది వివరించక్కర్లేదు, ఆయన నోట ఈనాటికీ బెజవాడే కదా! కట్టించింది సియర్స్ రోబక్, పోస్టులో కేటలాగు పంపి సరుకులమ్మి పెద్దదైన కంపెనీ. ఊళ్లో చెల్లాచెదురుగా ఉన్న తన సిబ్బందిని ఒక్కచోటికి తేవాలని 1970లో పని మొదలుపెట్టింది. 1973లో భవనం పూర్తి ఎత్తుకు చేరింది. 1998లో కౌలాలంపూర్ పెట్రోనాస్ జంట టవర్లు వచ్చేదాకా ప్రపంచంలో ఎత్తైన భవనం అదే. కట్టించుకున్న కంపెనీ మాత్రం ఇరవై ఏళ్లు తిరిగేసరికి శివార్లకు వెళ్లిపోయింది.

కొలతల దగ్గర మనకో అదృష్టం ఉంది. తాతయ్యవీ అడుగులే, అమెరికా పిల్లలవీ అడుగులే. భవనం అడుగుభాగం 225 అడుగుల చదరం, అంటే 50,625 చదరపు అడుగులు. తాతయ్య లెక్కలో 5,625 గజాలు, ఎకరం పదహారు సెంట్లు. అంత జాగాలో 110 అంతస్తులు లేపితే వచ్చిన విస్తీర్ణం దాదాపు 45 లక్షల చదరపు అడుగులు. ఎకరాల్లో చెబితే నూటికి పైనే. ఈ లెక్క పిల్లల చేత కాగితం మీద వేయించండి, సెంటు అంటే 435.6 చదరపు అడుగులని తాతయ్యే చెబుతారు. అంతస్తుల లెక్కలో మాత్రం తగాదా వస్తుంది. అక్కడ నేల మీదదే ఫస్ట్ ఫ్లోర్. పిల్లలు 103వ అంతస్తు నుంచి ఊరు చూశామంటే అది తాతయ్యకు 102.

ఇక నమూనా. రెండు మందపాటి చార్టులు, ఫెవికాల్, రూళ్లకర్ర, ఇంకు అయిపోయిన రీఫిల్ చాలు. 11 సెంటీమీటర్ల వెడల్పున తొమ్మిది పట్టీలు కత్తిరించాలి. పొడవులు: 22 సెం.మీ.వి రెండు, 29వి రెండు, 40వి మూడు, 48వి రెండు. ఒక్కో పట్టీని 2.5 సెం.మీ.కొకసారి నిలువునా మడిచి, మిగిలిన సెంటీమీటరు అంచును లోపలికి అంటిస్తే చదరపు గొట్టం అవుతుంది. మడిచేముందు రీఫిల్‌తో గట్టిగా గీత నొక్కకపోతే మూలలు గుండ్రంగా వస్తాయి, అప్పుడు గొట్టాల మధ్య సందులు పడతాయి. మైదా జిగురు కూడా పనికొస్తుంది గానీ పలచబడితే చార్టు ఉబ్బి వంకరపోతుంది.

గొట్టాలను అంటించేముందు ఒక పని చేయించండి. 48 సెం.మీ. గొట్టాన్ని పీట మీద నిలబెట్టి, కింద గట్టిగా పట్టుకుని, పైన వేలితో తోయాలి. వంగుతుంది, ఇంకొంచెం తోస్తే అడుగున నలుగుతుంది. తర్వాత తొమ్మిదింటినీ రబ్బరు బ్యాండ్లతో కట్టి తోయాలి. ఈసారి అంత వంగదు. కానీ గొట్టాలు ఒకదాని పక్కన ఒకటి పైకీ కిందికీ జారుతుంటాయి, జాగ్రత్తగా చూస్తే పై అంచుల్లో ఆ తేడా కనబడుతుంది. చివరికి కింద చెప్పే అమరికలో పెట్టి, పక్కలన్నీ పొడవునా జిగురుతో అంటించి, ఆరాక తోయాలి. ఇప్పుడు జారే వీల్లేదు, అందుకే బిగుసుకుంటుంది. పై కొసల్లో మాత్రమే జిగురు రాస్తే నడుములో విడిపోతాయి, పిల్లలు చేసే తప్పు ఎక్కువగా ఇదే.

అసలు భవనం కూడా ఇంతే. 75 అడుగుల చదరపు ఉక్కు గొట్టాలు తొమ్మిది, పక్కపక్క గొట్టాలకు గోడ ఉమ్మడి. ఆ గోడల్లో 15 అడుగులకో స్తంభం. 225 అడుగులకూ ఒకే గొట్టం కట్టి ఉంటే గాలి తోసినప్పుడు మూలల్లోని స్తంభాలే ఎక్కువ మోసేవి, గోడ నడిమివి సరిగ్గా సాయం పట్టేవి కావు. లోపలి ఉమ్మడి గోడలు ఆ భారాన్ని పంచుతాయి. అయినా ఊగుతుంది. గాలి ఉద్ధృతికి పైభాగం మూడడుగుల దాకా ఊగినా తట్టుకునేలా కట్టారు.

గొట్టాల అమరిక తప్పితే బొమ్మ సియర్స్ టవర్‌లా ఉండదు. మూడు బై మూడు గళ్లు గీసి, ఎదురెదురు మూలల్లో 22వి, మిగతా రెండు మూలల్లో 29వి పెట్టండి. నడిమి గడిలో ఒకటి, దాని పడమర గడిలో ఒకటి 48వి. మిగిలిన మూడు గళ్లలో 40వి. అసలు భవనంలో ఇవి 50, 66, 90 అంతస్తుల దగ్గర ఆగిపోతాయి, రెండే పైదాకా వెళ్తాయి.

ఈ పద్ధతి ఆలోచించిన ఇంజనీరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్. 1929లో ఢాకాలో పుట్టి, కలకత్తా దగ్గర శివ్‌పూర్‌లో చదివి, 1952లో స్కాలర్‌షిప్ మీద ఇలినాయ్ వచ్చినవాడు. ఆర్కిటెక్టు బ్రూస్ గ్రాహం. పిల్లలకు చెప్పేటప్పుడు ఆర్కిటెక్టు పేరొక్కటే చెప్పి ఊరుకుంటాం, ఇక్కడ అది అన్యాయం.

లిఫ్టుల సంగతి తాతయ్యకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది. నడిమి లాబీ దాకా ఎక్స్‌ప్రెస్ లిఫ్టు, అక్కడ దిగి పై అంతస్తులకు లోకల్ ఎక్కాలి. గుడివాడ వెళ్లేవాళ్లు బెజవాడ జంక్షన్‌లో రైలు దిగి ప్యాసింజర్ మారినట్టు.

చివర్లో నమూనా అడుగును పీటకు టేపుతో బిగించి, టేబుల్ ఫ్యాను మూడో నంబరులో పెట్టి, పక్కన విడిగా చేసిన ఇంకో 48 సెం.మీ. ఒంటి గొట్టాన్నీ అలాగే బిగించి చూపించాలి. ఇక్కడ పిల్లాడు 'షేక్ అవుతుంది' అంటే సరిదిద్దకండి. 'ఏమవుతోంది, నాకు కనబడట్లేదు' అని తాతయ్య చేత అడిగించండి. తిరిగి వచ్చేటప్పుడు బొమ్మను సూట్‌కేసులో కుక్కొద్దు, నలిగిపోతుంది. అక్కడే షోకేసులో పెట్టి రండి.