బస్సు ఆగని చోట ఆగాం

మా అమ్మకి బస్సు పడదు. పడదంటే అట్లా ఇట్లా కాదు, బస్టాండులో డీజిల్ వాసన ముక్కుకి తగిలితేనే మొహం వాడిపోతుంది. అయినా ముప్పై అయిదేళ్ళుగా బస్సెక్కుతూనే ఉంది, ఎందుకంటే పుట్టిల్లు వాయల్పాడు, మెట్టినిల్లు తిరుపతి, రెండిటికీ మధ్యలో భాకరాపేట ఘాట్. చంద్రగిరి దాటగానే సంచిలోంచి నిమ్మకాయ తీసి, గోటితో గీరి ముక్కు దగ్గర పెట్టుకుని, కొంగు మొహం మీదికి లాక్కుని కళ్ళు మూసుకునేది. ఘాట్ అయిపోయిందని ఎవరో ఒకరు చెప్తేనే మళ్ళీ తెరిచేది. చిన్నప్పుడు ఆ చెప్పే ఉద్యోగం నాదే.

నేను సెకండ్ హ్యాండ్ కారు కొని ఎనిమిది నెలలైంది. చెయ్యి కాస్త కుదిరాక, ఎక్కడికి పోదామమ్మా అని అడిగాను. కాణిపాకం అంటుంది, లేదంటే కాళహస్తి అంటుంది అనుకున్నా. "ఆ ఘాట్ ఎట్లుంటాదో ఒకసారి చూడాల మే" అంది. నాకు నవ్వొచ్చింది, తర్వాత లెక్క వేసుకుంటే నవ్వు ఆగిపోయింది. ఏడాదికి తక్కువలో తక్కువ మూడు నాలుగుసార్లు, రానూ పోనూ, ముప్పై అయిదేళ్ళు. ఆ రోడ్డు మీద అన్నిసార్లు తిరిగిన మనిషి దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

సరే, ఘాట్ ఒక్కటే చూసి వెనక్కి రావడమెందుకు, అదే రోడ్డు పట్టుకుని పీలేరు, వాయల్పాడు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ దాకా పోయి సాయంత్రానికి వచ్చేద్దాం అనుకున్నాం. ఒకవైపే నూట నలభై, నూట యాభై కిలోమీటర్లు. నాన్న రానన్నాడు. కూతురి డ్రైవింగ్ మీద ఆయనకున్న నమ్మకం అంత! కానీ సలహా మాత్రం గేటు దాకా వచ్చి ఇచ్చాడు: "ఎక్కేటప్పుడు ఏమీ కాదు, దిగేటప్పుడే చూసుకో. ఏ గేర్లో ఎక్కినావో అదే గేర్లో దిగు, ఊరికే బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోవద్దు." ఇది నిజంగా పనికొచ్చే మాట, కొత్తగా నడిపేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. దిగుడులో బ్రేకు తొక్కుతూనే ఉంటే అది వేడెక్కి, సరిగ్గా కావలసినప్పుడు పట్టదు.

అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాను. వెనకైతే చల్లగా కాళ్ళు చాపుకుంటానంది కానీ నేను ఒప్పుకోలేదు. బండి మలుపు తిరుగుతోందని చెవి లోపల తెలుస్తూ ఉంటుంది, కళ్ళకేమో ముందు సీటు వీపు కదలకుండా కనిపిస్తుంది, ఆ రెండిటికీ పొంతన కుదరకే కడుపులో తిప్పేది. ముందు కూర్చుని దూరంగా రోడ్డునే చూస్తే చాలామందికి ఆ బాధ తగ్గుతుంది. ఇదంతా చెప్తే అమ్మ విని, "అట్లనా" అని, నిమ్మకాయ సంచిలో పెట్టుకుంది.

పొద్దున అయిదున్నరకి బయల్దేరాం. చంద్రగిరి దగ్గర మంచు. కోట వైపు చూడలేదు కూడా, ఎప్పుడైనా పోవచ్చు కదా అని ఎప్పుడూ పోని జాబితాలో ఉంది మాకది. రంగంపేట వచ్చేసరికి అమ్మకి హుషారొచ్చింది, సంక్రాంతికి ఇక్కడ కొమ్ములకి పలకలు కట్టి ఎద్దుల్ని వదుల్తారు, మీ నాన్న ఒకసారి చూడను పోయి చొక్కా చింపుకుని వచ్చినాడు అని. నాన్న ఈ కథ నాకెప్పుడూ చెప్పలేదు.

తర్వాత ఘాట్ మొదలైంది. అప్పుడొక విచిత్రం జరిగింది. "ఇప్పుడు కుడికి పెద్దగా తిరుగుతాది" అంది అమ్మ. తిరిగింది. "కొంచెం నేరుగా పోయి ఎడమకి, ఆ వెంటనే మళ్ళా ఎడమకి." అంతే. నేను ఫోన్లో మ్యాప్ పెట్టుకున్నా, ఆవిడ మ్యాప్ కన్నా ముందే చెప్తోంది. ఎట్లా తెలుసమ్మా అంటే, "ఆడికొచ్చేసరికే కదా నాకు కడుపులోంచి పైకొచ్చేది" అంది. కళ్ళు మూసుకుని పోయిన రోడ్డు ఆవిడ కడుపుకి కంఠతా వచ్చేసింది.

ఒక మలుపు దాటాక పక్కన కారు దింపేంత జాగా కనిపించింది. "ఆపు మే, ఆపు." ఆపాను. అమ్మ దిగి, గోడ దగ్గరికి పోయి నిలబడింది. కింద మొత్తం అడవి, అక్టోబరు వానలకి ముదురుపచ్చగా, కొండల సందుల్లో ఇంకా మబ్బు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇంత అడివుందా ఈడ! నేను అంతా బండలే అనుకున్నా" అంది. శేషాచలం అడవులే కదా ఇవి, తిరుమల కొండకి వెనక వైపు. నాకు చెట్లన్నీ ఒకటే. అమ్మ మాత్రం ఒక్కొక్కటీ పేరుపెట్టి చూపించింది, అది నేరేడు, అది మోదుగ, ఆ నల్లటి బెరడుది ఎర్రచందనం, ఈ పసుప్పూలది తంగేడు అని. ఎక్కడ నేర్చుకుందో, నేనెప్పుడూ అడగలేదు.

ఈ ఘాట్లోనే 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న బస్సు రాత్రిపూట లోయలో పడింది. అది గుర్తొచ్చినట్టుంది, కిందికి చూస్తూనే ఒకసారి చేతులు జోడించింది. అంతలో పైనుంచి ఒక బస్సు దిగింది. కిటికీ దగ్గర ఒకావిడ కళ్ళు మూసుకుని, నోటి దగ్గర కవరు పట్టుకుని ఉంది. అమ్మ "అయ్యో పాపం" అంటూనే నవ్వు ఆపుకోలేకపోయింది.

పీలేరులో ఇడ్లీ తిన్నాం. దాని గురించి రాయడానికేమీ లేదు.

అసలు కథ వాయల్పాడులో. కాగితాల మీద వాల్మీకిపురం అని రాస్తారు కానీ మాకు వాయల్పాడే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఇది అన్నమయ్య జిల్లాలోకి పోయింది, మేం తిరుపతి జిల్లాలోకి వచ్చాం, "నా పుట్టింటికి పోవాలంటే జిల్లా దాటాల్సి వచ్చె" అని అప్పట్లో అమ్మ నెలరోజులు సాధించింది. ఇప్పుడేమో ఊరు దగ్గర పడుతుంటే, "మీ మామకి చెప్పలేదు కదా? చెప్తే అన్నం తినందే పంపడు, ఇంక కొండా లేదు ఏమీ లేదు" అని, వాళ్ళ వీధి మొదట్లోకి రాగానే సీట్లో కిందికి వంగిపోయింది. అరవై ఏళ్ళ మనిషి, సొంత తమ్ముడికి కనపడకుండా! పట్టాభిరాముడి గుడి వైపు మాత్రం వంగే దండం పెట్టుకుంది. పది నిమిషాల్లో మామ ఫోన్. ఎవరో చూసి చెప్పేశారు. తిరిగొచ్చేటప్పుడు వస్తామని ఒట్టేయించుకున్నాడు.

మదనపల్లె దగ్గర పడేకొద్దీ గాలి మారింది. తిరుపతి నుంచి ఇటు రావడమంటే మెల్లమెల్లగా ఎక్కుతూ రావడమే, ఆ చల్లదనం చూసే వందేళ్ళ కిందటే క్షయరోగుల కోసం ఇక్కడ ఆరోగ్యవరంలో శానటోరియం కట్టారు. టమాటా క్రేట్లతో లారీలు వరసగా పోతున్నాయి. అమ్మ ప్రతి లారీనీ తేరిపార చూసి కాయ బాగుంది, బాగలేదు అని తీర్పులిచ్చింది. బీటీ కాలేజీ, అంటే ఇక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీ, పేరు రాగానే, జనగణమనని ఠాగూరు 1919లో అక్కడే ఇంగ్లీషులోకి రాశాడని నేను గొప్పగా మొదలుపెడితే, "మాకు ఇస్కూల్లోనే చెప్పినారు లే" అనేసింది.

అంగళ్ళు దాటాక హార్స్‌లీ కొండకి ఎక్కుడు. నాలుగు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. హార్స్‌లీ అనేవాడు కడప కలెక్టరు, 1870 ప్రాంతంలో ఎండలకి తట్టుకోలేక పైన ఇల్లు కట్టుకున్నాడు. కడప కలెక్టరుకి ఇక్కడేం పని అంటారా, చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో, అప్పటిదాకా మదనపల్లె, వాయల్పాడు కడపలోవే. అమ్మకి ఇవేవీ పట్టలేదు. ఆవిడకది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన పిల్ల మల్లమ్మ, కొండ మీది వాళ్ళకి జబ్బు చేస్తే నయం చేసేదట, ఒకరోజు కనిపించకుండా పోయిందట, అప్పుడు గుడి కట్టుకున్నారు. ఈ కథ మా తాత చెప్పాడంట. చెప్పాడే గానీ, ఇంత దగ్గర్లో ఉండీ ఒక్కసారీ తీసుకురాలేదు.

ఆదివారం పోవడం మా తప్పు. పైన జనం, ప్లాస్టిక్ కవర్లు, అరుపులు, కోతులు. గాలిబండ దగ్గర మాత్రం ఆ పేరు ఊరికే రాలేదని తెలిసింది, మనిషిని వెనక్కి తోసేంత గాలి. అమ్మ కొంగు నడుముకి దోపుకుని, బండ మీద కూర్చుని, చిత్రాన్నం డబ్బా తీసింది. కిందంతా ఎండలో మెరుస్తున్న చెరువులు, మడికట్లు. ఫోటో తీస్తానంటే "గమ్మునుండు" అంది, తర్వాత తనే ఫోన్ తీసుకుని ముప్పై నలభై తీసింది. సగం ఆవిడ వేలివే.

మామ ఇంట్లో అనుకున్నట్టే అయింది. తిట్లు, భోజనం, మళ్ళీ తిట్లు, డిక్కీలో ఒక మూట చెనక్కాయలు. బయటపడేసరికి చీకటి. ఘాట్లో రాత్రి దిగకూడదనుకున్నా, కానీ రేపు ఆఫీసు. సెకండ్ గేరులో, నాన్న చెప్పినట్టే, మెల్లగా దిగుతున్నా. ఎదురుగా వచ్చే లారీల లైట్లు కళ్ళలో కొడుతున్నాయి, చేతులు చెమట పడుతున్నాయి. పక్కన అమ్మ ఏం చేస్తోందా అని చూస్తే, ఫోన్లో పొద్దుటి ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూసుకుంటోంది. నేను వద్దనేలోపే, "ఆపు మే" అంది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"ఈడ కాదు, ముందు మలుపు దాటినాక గోడుండాది, ఆడ ఆపు" అని తనే చెప్పింది. నాలుగు లైట్లూ వేసి ఆపాను. మామ పెట్టిన భోజనం గోడ పక్కకి పోయింది. మొహం కడుక్కుని వచ్చి కూర్చుని, ఏమీ జరగనట్టు నిమ్మకాయ తీసి గోటితో గీరి, కొంగు కప్పుకుని కళ్ళు మూసుకుంది.

"పోనీ. ఇప్పుడు ఎడమకి తిరుగుతాది, మెల్లగా. ఆ, ఇంక కొంచెం దూరం నేరుగానే. ఇప్పుడు కుడికి, ఇది పెద్దది."

లైట్లకి నాకు కనపడనిది ఆవిడ చెప్తోంది, నేను తిప్పుతున్నా. మలుపులు అయిపోయి రోడ్డు చదునయ్యాక కొంగు లోపల్నించే అడిగింది, "రంగంపేట వచ్చిందా?"

"వచ్చిందమ్మా, కళ్ళు తెరువు."