వూడూ3 హీట్‌సింక్ జోలికి వెళ్లకుండానే వేడి తగ్గించాను

పాత గ్రాఫిక్స్ కార్డు చేతికి రాగానే చాలామందికి పుట్టే మొదటి దురద, దాని హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు రెక్కల దిమ్మ) పీకేసి కొత్తది బిగించాలని. నాకూ పుట్టింది. నా దగ్గర రెండు కార్డులున్నాయి. ఒకటి త్రీడీఎఫ్ఎక్స్ వాళ్ల వూడూ3 3000, 1999 నాటి ఏజీపీ (గ్రాఫిక్స్ కార్డు కోసమే ఉండే పాత రకం స్లాట్) కార్డు. రెండోది 2000లో వచ్చిన జీఫోర్స్2 జీటీఎస్. రెండింటికీ ఉన్న జబ్బు వేడే అయినా వైద్యం మాత్రం వేరువేరుగా చేయాల్సి వచ్చింది.

వూడూ3 సంగతి ముందు చెప్తాను. అందులో చిప్, మెమరీ రెండూ 166 మెగాహెర్ట్జ్ మీద ఒకే వేగంతో నడుస్తాయి. ఇంత పని చేసే చిప్‌కి ఫ్యాన్ లేదు, పైన ఒక అల్యూమినియం హీట్‌సింక్ అంటించి వదిలేశారు. గ్లైడ్ (త్రీడీఎఫ్ఎక్స్ వాళ్ల సొంత గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్) మీద నడిచే పాత ఆటలు కాసేపు ఆడితే చాలు, తెరమీద చుక్కలు చుక్కలుగా చెత్త వచ్చేది, ఆ తర్వాత సిస్టమ్ బిగుసుకుపోయేది. డ్రైవర్ అనుమానం తీరాక హీట్‌సింక్ మీద వేలు పెట్టి చూశాను. పెట్టిన వేలు పెట్టినట్టే వెనక్కి వచ్చింది.

దీనికి సగం కారణం కార్డు కూర్చునే తీరు. టవర్ క్యాబినెట్‌లో ఏజీపీ కార్డుని పెడితే చిప్, హీట్‌సింక్ ఉన్న వైపు కిందికి తిరిగి ఉంటుంది. వేడి గాలి పైకి పోవాలంటే బోర్డే మూతలా అడ్డం. ఆ కాలపు క్యాబినెట్లలో గాలి బయటికి లాగేది చాలావరకు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) ఫ్యాన్ ఒక్కటే, దాని చూపు కార్డు కింద దాకా పోదు. కాబట్టి హీట్‌సింక్ చుట్టూ ఉన్న గాలి అక్కడే తిరుగుతూ ఇంకా కాగుతుంది. ఇలాంటి చోట రెండింతల హీట్‌సింక్ పెట్టినా, గాలి కదలకపోతే ఒరిగేది తక్కువే.

హీట్‌సింక్ ఎందుకు పీకలేదో కూడా చెప్పాలి. వూడూ3కి దాన్ని బిగించింది క్లిప్పులతో కాదు, వేడిని పంపే ఎపాక్సీ జిగురుతో. దాన్ని ఊడదీయడానికి జనం వాడే పద్ధతులు రెండు మూడున్నాయి. కార్డుని కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే జిగురు పెళుసుబారుతుంది, అప్పుడు మెల్లగా మెలితిప్పితే టక్కున ఊడుతుంది. లేదా హెయిర్ డ్రైయర్‌తో వేడిచేసి, మెత్తబడ్డాక సన్నని గట్టి దారంతో కోసుకుంటూ పోవచ్చు. ఊడితే సంతోషమే. ఊడనప్పుడే చిక్కు. చిప్ అడుగున టంకం బంతులు వరుసల్లో ఉంటాయి, ఆ బలమంతా వాటి మీదే పడుతుంది. ఒక్కటి చిట్లినా కార్డు పోయినట్టే. ఒక్కోసారి చిప్ పైపొరే జిగురుతో పాటు లేచి వస్తుంది. ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె అన్నట్టు. త్రీడీఎఫ్ఎక్స్ ఎప్పుడో మూతపడింది, ఈ చిప్ ఇంకెవరూ తయారుచేయరు. కాబట్టి ఆ జిగురు జోలికి పోదలచుకోలేదు.

గాలి కదిలించడమే పని అని తేలాక, ఏ ఫ్యాన్ అనేది మిగిలింది. ఎక్కువమంది 40 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్‌ని హీట్‌సింక్ రెక్కలకి జిప్ టైలతో కట్టేస్తారు. పని చేస్తుంది, కాదనను. కానీ అంత చిన్న ఫ్యాన్ పనికొచ్చేంత గాలి తోలాలంటే గిర్రున తిరగాలి, ఆ కీచుమనే చప్పుడు నాకు పడదు. 80 మిల్లీమీటర్లది నిదానంగా తిప్పితే చప్పుడు ఉండదు, పైగా గాలి చిప్ మీదే కాక చుట్టూ ఉన్న మెమరీ చిప్‌ల మీద కూడా పడుతుంది. వూడూ3లో మెమరీ కూడా చిప్ వేగంతోనే పరిగెత్తుతుంది కనుక ఇది చిన్న లాభం కాదు.

ఇక చోటు లెక్క. స్లాట్‌కీ స్లాట్‌కీ మధ్య దూరం 20 మిల్లీమీటర్ల కంటే కాస్త ఎక్కువ. మామూలు ఫ్యాన్ మందం 25. హీట్‌సింక్ ఎత్తు, మధ్యలో గాలి ఆడటానికి కొంత ఖాళీ కలిపితే రెండో పీసీఐ స్లాట్‌లోని (సౌండ్ కార్డులాంటివి పెట్టే స్లాట్) కార్డుకి తగులుతుంది. 15 మిల్లీమీటర్ల పల్చటి రకం తీసుకుంటే ఒక్క స్లాట్‌తో సరిపోతుంది. నేను అదే తీసుకున్నాను. అల్యూమినియం పట్టీని ఎల్ ఆకారంలో వంచి, స్లాట్ వెనక మూత బిగించే స్క్రూకే బిగించాను. ఫ్యాన్ గాలి పైకి, హీట్‌సింక్ మీదికి కొట్టేలా పెట్టాను. కార్డుకి ఎక్కడా రంధ్రం వేయలేదు, జిగురు రాయలేదు. రేపు ఎవరైనా అచ్చం ఒరిజినల్‌లా కావాలంటే ఒక్క స్క్రూ విప్పితే చాలు.

కరెంటు ఎస్‌ఎంపీఎస్ నుంచే తీసుకున్నాను. 12 వోల్టుల ఫ్యాన్‌ని 5 వోల్టుల మీద తిప్పాను. కొన్ని ఫ్యాన్లు 5 మీద మొదలవవు, చేత్తో తిప్పితే తప్ప కదలవు, అలాంటివి వద్దు. పసుపు (12 వోల్టులు), ఎరుపు (5 వోల్టులు) తీగల మధ్య కలిపి 7 వోల్టులు తీసే చిట్కా ఒకటుంది. ఫ్యాన్ లోపల షార్ట్ అయితే 12 వోల్టులు నేరుగా 5 వోల్టుల లైన్‌లోకి పోతాయి, అందుకే నేను వాడను.

వూడూ3లో టెంపరేచర్ సెన్సర్ లేదు. బోర్డు వెనక, సరిగ్గా చిప్ ఉన్న చోట, మల్టీమీటర్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) కొనని, వేడికి తట్టుకునే కాప్టన్ టేప్‌తో అంటించి ఆట నడిపాను. ఫ్యాన్ ఆపితే రీడింగ్ ఎక్కుతూనే పోయింది. ఆన్ చేయగానే దిగడం మొదలైంది, దిగి అక్కడే నిలబడింది. తెరమీద చుక్కలు మళ్లీ రాలేదు.

జీఫోర్స్2ది సులువైన కేసు. దాని చిన్న ఫ్యాన్ బేరింగ్ ఎండిపోయి గరగరమనేది. స్టిక్కర్ లేపి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే కొన్నాళ్లు నడిచింది, తర్వాత మళ్లీ మొదటికే. నా కార్డులో హీట్‌సింక్ పుష్ పిన్‌ల (బోర్డు రంధ్రాల్లోకి నొక్కి దిగేసే పిన్‌లు) మీద నిలబడి ఉంది కాబట్టి ఇక్కడ మార్చడానికి భయపడలేదు. ముందు కాసేపు ఆట నడిపి, చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే పేస్ట్‌ని వెచ్చబరచాను. పిన్ కొసల్ని వెనక నుంచి పట్టకారుతో నొక్కి, హీట్‌సింక్‌ని పైకి లాగకుండా అటూ ఇటూ మెలితిప్పాను. పాత పేస్ట్ పెచ్చులు పెచ్చులుగా రాలింది, మిగతాది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. మదర్‌బోర్డు చిప్‌సెట్ల కోసం అమ్మే పెద్ద హీట్‌సింక్ దీనికి పనికొస్తుంది. కొనేముందు రంధ్రాల మధ్య దూరం కేంద్రం నుంచి కేంద్రానికి కొలవాలి, పక్కనున్న కెపాసిటర్ల ఎత్తు కూడా చూడాలి. నా కార్డులో రంధ్రాలు కుదిరాయి, ఒక కెపాసిటర్ అడ్డొచ్చింది. హీట్‌సింక్‌ని కొంచెం తిప్పి పెడితే తప్పించుకుంది.

వూడూ3 ఫ్యాన్ వల్ల మొదటి పీసీఐ స్లాట్ పోయింది, సౌండ్ కార్డుని మూడో దాంట్లోకి జరిపాను. ఇందులో నష్టమేమీ లేదు. చాలా పాత మదర్‌బోర్డుల్లో ఏజీపీకీ ఆ మొదటి స్లాట్‌కీ ఐఆర్‌క్యూ లైను (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే సిగ్నల్ లైను) ఒకటే, విండోస్ 98 వాడేవాళ్లు గొడవ ఎందుకని దాన్ని ఎలాగూ ఖాళీగానే వదిలేస్తారు.