సెంటర్ల మధ్య పెన్ను తిప్పడం: నా అనుభవం

మేడ మీద రేకుల షెడ్డులో చిన్న వుడ్ లేత్ (చెక్కని తిప్పుతుంటే ఉలితో గుండ్రంగా చెక్కే మిషను) పెట్టుకుని రెండేళ్ళుగా పెన్నులు చేస్తున్నా. మా ఊళ్ళో పాత ఇల్లు విప్పినప్పుడు తెచ్చుకున్న టేకు గుమ్మం ముక్కతో ఒకటి చేశా, చూడ్డానికి బావుంది కానీ మొన దగ్గర గోరు పెట్టి చుట్టూ తిప్పితే ఒకవైపు చెక్క ఎత్తుగా తగుల్తోంది, ఎదురువైపు మెటల్ ఎత్తుగా ఉంది. కాలిపర్‌తో కొలిస్తే సైజు కరెక్టే, అంటే బయట గుండ్రంగానే ఉంది, చెక్క లోపల గ్లూతో అంటించే ఇత్తడి ట్యూబే మధ్యలో లేదు.

కారణం మాండ్రెల్, అంటే చెక్కేటప్పుడు ట్యూబుని గుచ్చి లేత్‌కి పట్టించే కడ్డీ. పావు అంగుళం లావు కూడా ఉండదది, నట్టు గట్టిగా బిగించినా టెయిల్‌స్టాక్ (లేత్‌కి రెండో చివర నొక్కి పట్టే భాగం) గట్టిగా నెట్టినా మధ్యలో వంగుతుంది, నేనేమో జారకూడదని రెండూ బిగించేవాణ్ణి. సరే అని అది పక్కన పెట్టి హెడ్‌స్టాక్‌లో (మోటారు తిప్పే చివర) పెట్టే 60 డిగ్రీల డెడ్ సెంటర్ అనే మొన, టెయిల్‌స్టాక్‌లో బేరింగ్ మీద తిరిగే 60 డిగ్రీల లైవ్ సెంటర్, వాటికి సరిపోయే బుషింగులు (ట్యూబు చివర్లలో కూర్చుని, చెక్క ఏ సైజుకి దించాలో చూపించే లోహపు రింగులు) తెప్పించా. లేత్‌తో పాటు వచ్చిన లైవ్ సెంటర్ కోణం 60 కాకపోవచ్చు, చూసుకోండి, కోణం కలవకపోతే బుషింగ్ సరిగ్గా కూర్చోదు.

అయినా మొదటి బ్యారెల్ (ట్యూబుతో ఉన్న పెన్ను చెక్క భాగం) మళ్ళీ అలాగే వచ్చింది, నిజంగా బాధేసింది. అప్పుడు డెడ్ సెంటర్ కదపకుండా బ్యారెల్ ఒక్కదాన్నే సగం చుట్టు తిప్పి మళ్ళీ పట్టించి స్టార్ట్ చేశా, ఊగింది. అంటే సెంటరే పక్కకి ఉందన్నమాట. తీసి చూస్తే స్పిండిల్ (హెడ్‌స్టాక్‌లో తిరిగే ఇరుసు) రంధ్రంలో అతుక్కుపోయిన చెక్కపొట్టు, గుడ్డతో తుడిచి పెడితే చాలావరకు పోయింది. మిగిలిన కొంచెం ట్యూబులో ఎండిన గ్లూ వల్ల, బుషింగ్ ఒరిగి కూర్చుంటోంది, సన్నటి గుండ్రటి ఆకురాయితో గీకేసి ట్రిమ్మర్‌తో చివర్లు మళ్ళీ చదును చేశా.

ఇప్పుడు టెయిల్‌స్టాక్ జారకుండా ఉండేంతే బిగిస్తున్నా, ఉలి పదును పెట్టి పల్చగా తీస్తున్నా, సైజు బుషింగ్ చూసి కాకుండా పెన్ పార్టునే కొలిచి దించుతున్నా, ఎందుకంటే ఇసుక కాగితం తగిలి తగిలి బుషింగులు అరుగుతాయి. అదే టేకు ముక్కలోంచి నిన్న ఇంకోటి చేశా. గోరుకి ఎక్కడా ఏమీ తగల్లేదు, ఇప్పుడది నాన్న జేబులో ఉంది.