పిన్ను పది దగ్గర పెట్టడం

మిషన్ మీద వంగి జాకెట్లు కుట్టీ కుట్టీ నాకు మెడ కింద, రెండు రెక్కల మధ్య నొప్పి పట్టుకుంది. పండగ సీజన్లో అయితే ఏ పక్కకి తిరిగి పడుకున్నా సలుపే. ఫిజియోథెరపీ డాక్టరుగారు చూసి, "మాత్రలతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తారమ్మా, వీపు కండరాలకి బలం రావాలి, జిమ్‌లో చేరండి" అన్నారు. పెద్దవాళ్ళందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లోనే ఉందట.

ఆయన చెప్పాక కూడా నెలలు గడిపేశాను. నొప్పికి ఓర్చుకున్నాను గానీ, ఏడు రోడ్ల జంక్షన్ దాటి, ఆ మెట్లెక్కి, కాలేజీ పిల్లల మధ్యకి వెళ్ళడం తలుచుకుంటేనే టెన్షన్. మా అత్తయ్య కూడా "బరువులెత్తడం మనకెందుకమ్మా, అది మగాళ్ళ పని" అన్నారు. దానికి మాత్రం నా దగ్గర జవాబుంది. కరణం మల్లీశ్వరిది మన శ్రీకాకుళం జిల్లాయే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమె. ఆ మాట అనేసరికి అత్తయ్య "అవునే, ఊసవానిపేట పిల్ల" అని తనే మిగతాది చెప్పుకొచ్చారు. ఇక అడ్డు చెప్పలేదు.

చేరాక అసలు కష్టం తెలిసింది. వీపుకి లాట్ పుల్‌డౌన్ మంచిదని ఫిజియో డాక్టరుగారు రాసిచ్చారు. పైన వేలాడే కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఛాతీ దాకా లాగాలి. ఎదురుగా ఇనప పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఎంత బరువు కావాలో అక్కడి కన్నంలో పిన్ను గుచ్చాలి. నాకంటే ముందు చేసిన కుర్రాడు 60 దగ్గర ఉంచి వెళ్ళాడు. నేను అది తీసి 10 దగ్గర పెట్టాలి. పిన్ను గట్టిగా బిగుసుకుని ఓ పట్టాన రాలేదు. లాగితే టక్‌మంది. ఆ చప్పుడుకి హాలంతా నావైపే తిరిగిందనిపించి చెవులు వేడెక్కాయి. చుట్టూ అద్దాలాయె, ఎటు చూసినా నేనే.

కడ్డీ పట్టుకుని కూర్చున్నాక మా ఇంటి ముందు గది గుర్తొచ్చింది. కొలతలివ్వడానికి సిగ్గుపడి ఎంతోమంది ఆది జాకెట్టు పంపించేస్తారు. వచ్చినవాళ్ళు కూడా టేపు వేయగానే ఊపిరి బిగబట్టి, "ఈమధ్య బాగా లావయ్యాను వదినా" అని ముందే చెప్పేస్తారు. నేను చూసేది టేపు మీద అంకెనే. ఛాతీ ఎంత, చంక ఎంత, చేతి రవుండు ఎంత. పుస్తకంలో రాసుకున్నాక ఎవరి నడుము ఎంతో నాకు గుర్తుండదు. ఇన్నేళ్ళలో ఒక్క మనిషిని కూడా "ఈవిడేంటి ఇలా ఉంది" అనుకున్నది లేదు. మరి ఈ కుర్రాళ్ళు నా గురించి అనుకుంటారని నాకెందుకు? అద్దంలో వాళ్ళు చూసుకుంటున్నది వాళ్ళ భుజాలనే.

మా పాప సైకాలజీ చదువుతోంది. ఇది చెబితే, దీని మీద అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షే పెట్టారని చెప్పింది. 2000లో అచ్చయిందట. ఒక స్టూడెంటుకి వేసుకోవడానికి సిగ్గనిపించే బొమ్మ టీషర్టు తొడిగి, నిండుగా ఉన్న గదిలోకి పంపేవారు. గదిలో దాదాపు సగంమంది ఆ బొమ్మ గమనించి ఉంటారని టీషర్టు వేసుకున్నవాళ్ళు అనుకున్నారు. నిజంగా గమనించింది అందులో సగమే.

అలాగని ఎవరూ చూడరని చెప్పను. ఆడవాళ్ళకి ఇది ఉత్త ఊహ కాదు. ఒకాయన తన పని మానేసి అదేపనిగా చూస్తుంటే నేను నేరుగా కోచ్‌తో చెప్పాను, అతను వెళ్ళి మాట్లాడాడు. అది వాళ్ళ బాధ్యత. అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

నాకు బాగా పనికొచ్చినవి చాలా చిన్న సంగతులు. సాయంత్రం రద్దీ మానుకుని పొద్దున్న పదకొండుకి వెళ్తున్నాను, హాలు దాదాపు ఖాళీ. కోచ్‌ని నాలుగే వ్యాయామాలు అడిగి ఫోన్లో రాసుకున్నాను. తర్వాత ఏ మిషన్ దగ్గరికి వెళ్ళాలో తెలిస్తే మధ్యలో దిక్కులు చూస్తూ నిలబడే బాధ ఉండదు. నా సిగ్గులో సగం అక్కడే ఉంది.

ఇక బట్టలు. చున్నీ మిషన్లో చిక్కుకుంటే ప్రమాదం, అది ఇంట్లోనే వదిలేశాను. చేతులు పైకెత్తితే కుర్తా లేచిపోతోందని చంక కింద పలక ఆకారంలో చిన్న ముక్క వేసి, పక్క చీలికలు కొంచెం కిందకి దించి, కొత్తది కుట్టుకున్నాను. మెడ కాస్త పైకి పెట్టాను, వంగినా ఇబ్బంది లేదు. అది వేసుకున్నాక బట్ట సర్దుకోవడం మానేసి కడ్డీ మీద ధ్యాస పెట్టగలిగాను. పిన్ను ఇప్పుడు 20 దగ్గర పెడుతున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు గానీ రాత్రి నిద్ర పడుతోంది.

మొన్న ఎదురింటి కోడలు ఆ కుర్తా చూసి తనకీ ఒకటి కుట్టిపెట్టమంది, తనూ జిమ్‌లో చేరుతుందట. ఆది కుర్తా పంపిస్తానంది. చేతులు పైకెత్తించి కొలవాలి, నువ్వే రావాలమ్మా అన్నాను. నిన్న మధ్యాహ్నం వచ్చింది.