ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే

అమెరికా కాల్పుల వార్తను అనువదిస్తూ ఒకసారి ఏఆర్-15 అనే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను ‘మెషిన్ గన్’ అని రాసేశాను. మర్నాడు ఒక పాఠకుడు ఫోను చేసి నిలదీశాడు. ఉక్రోషం వచ్చింది గానీ, తప్పు నాదే. ఆ రాత్రి కూర్చుని అక్కడి చట్టం చదివాను.

తేడా తుపాకీ రూపంలో లేదు, ట్రిగ్గర్‌లో ఉంది. 1934 నాటి జాతీయ ఆయుధాల చట్టం ప్రకారం, ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే, చేత్తో మళ్లీ లోడ్ చేయకుండానే ఒకటికి మించి గుళ్లు పేల్చేది మెషిన్ గన్. సెమీ ఆటోమేటిక్‌లో ప్రతి గుండుకూ వేలు మళ్లీ కదలాలి. సైన్యపు ఎం16 చూపులకు ఏఆర్-15కి కవలే, లోపలి యంత్రాంగమే వేరు. అన్నట్టు, ‘ఏఆర్’ ఆర్మలైట్ అనే కంపెనీ పేరులోది. అసాల్ట్ రైఫిల్ అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మెషిన్ గన్ పౌరులకు పూర్తిగా నిషిద్ధమా అంటే అదీ కాదు. 1986 మే 19కి ముందే చట్టబద్ధంగా నమోదైనవి, రాష్ట్రం ఒప్పుకుంటే, 200 డాలర్ల పన్ను కట్టి అనుమతితో కొనుక్కోవచ్చు. 1934లోనూ పన్ను అంతే!

అసలు చిక్కు బంప్ స్టాక్‌ది. తుపాకీ వెనక్కి తన్నే ఊపుతోనే ట్రిగ్గర్ వేలికి మళ్లీ మళ్లీ వేగంగా తగిలేలా చేసే పరికరం అది. అది వాడి జరిపిన లాస్ వేగస్ కాల్పుల తర్వాత ప్రభుత్వం దాన్ని మెషిన్ గన్‌గా లెక్కగట్టింది. ఆ నిర్ణయాన్ని 2024లో అక్కడి సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో కొట్టేసింది. ప్రతి గుండుకూ ట్రిగ్గర్ విడిగా పనిచేస్తోందని మెజారిటీ వాదన. నాకైతే న్యాయమూర్తి సోటోమేయర్ అసమ్మతి తీర్పే సబబనిపించింది.

నా తప్పుకు సవరణ ఏడో పేజీలో రెండు లైన్లు వచ్చింది.