గోడ మీది బొమ్మ ఎవరిది?

లండన్‌లో డిసెంబర్ వచ్చిందంటే నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది. ఇంటి లోపలి ఫోటోలకు పనికొచ్చే వెలుగు నాలుగైదు గంటలే. అందులో సగం సర్దడానికే పోతుంది. సోఫా కింద వైర్లు దాచాలి, అద్దంలో కెమెరా పడకుండా చూసుకోవాలి, గోడలు ఒరిగినట్టు కనిపించకుండా టిల్ట్-షిఫ్ట్ లెన్స్‌ని వెంట్రుకవాసి చొప్పున జరుపుకోవాలి.

ఇళ్ళు, భవనాల ఫోటోలు సేకరించి పత్రికలకూ పెయింట్ కంపెనీలకూ లైసెన్సు మీద ఇచ్చే చిన్న ఏజెన్సీ నాది. మొదట్లో ఫోటో బాగుంటే చాలనుకునేదాన్ని. మూడో ఏడు ఒక హాలు ఫోటో ప్రకటనకి ఇచ్చాను. ఇంటి ఫోటోలు వాడుకోవచ్చని ఇంటావిడ సంతకం పెట్టిన ప్రాపర్టీ రిలీజ్, అంటే అనుమతి కాగితం, నా దగ్గరుంది, ధైర్యంగానే ఉన్నాను. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. సోఫా వెనక గోడకున్న పెయింటింగ్ వేసినావిడ రాసింది. బొమ్మని కొనుక్కున్నది ఇంటావిడే, కానీ దాన్ని అచ్చువేసే హక్కు వేసినావిడ దగ్గరే ఉంటుంది. ఆ టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రలేదు. తప్పు నాదే. క్షమాపణ చెప్పి, ఆవిడ అడిగిన ఫీజు కట్టాను. ఒక మనిషి చేతిపని నా ఫోటోలో ఉంది, నేను దాన్ని చూడనే లేదు. డబ్బు కంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

బయటి నుంచి తీస్తే ఇక్కడ పెద్ద ఇబ్బంది లేదు. 1988 కాపీరైట్ చట్టంలోని 62వ సెక్షన్ భవనాలను ఫోటో తీసుకోనిస్తుంది. గుమ్మం దాటాకే చిక్కులు. కుర్చీ డిజైన్‌కి కూడా కాపీరైట్ అడ్డొస్తుంది. ఫ్రాన్స్‌లో పనిచేసిన డిజైనర్లు లె కార్బుజియే, పియర్ జానరే, షార్లొట్ పెరియాన్ కలిసి 1928లో చేసిన స్టీలు గొట్టాల పడక కుర్చీ ఉంది కదా, పెరియాన్ 1999లో పోయారు. ఫ్రాన్స్‌లో ఆఖరి కర్త పోయాక 70 ఏళ్ళు లెక్కేస్తారు, అంటే 2069 దాకా. అలాంటి కుర్చీ కనిపిస్తే ముందే పక్కకి జరిపిస్తాను.

ఇక కీవర్డులు, అంటే వెతికేవాళ్ళకి ఫోటో దొరకడానికి దానికి తగిలించే మాటలు. ఇక్కడి ట్యాప్ అమెరికాలో ఫాసెట్, ఇక్కడి స్కర్టింగ్ బోర్డు అక్కడ బేస్‌బోర్డు. రెండూ రాయకపోతే ఫోటో ఉండీ లేనట్టే. ఆ పని విజయవాడ నుంచి ఒకమ్మాయి చేస్తుంది. కిందటి నెల గోదావరి వైపు నుంచి ఒక మండువా ఇంటి ఫోటోలు వచ్చాయి. రాత్రి ఫోన్ చేసింది.

"అక్కా, అరుక్కి ఏం రాయను? వరండా అంటే సరిపోదు కదా."

"సరిపోదమ్మా. వరండాలోకి పిలిస్తేనే వెళ్తాం. అరుగు మీద దారినపోయేవాళ్ళు కూడా కూర్చుంటారు. వరండా, పోర్చ్ రెండూ రాయి, అరుగు అని కూడా రాయి. తెలుగులోనే."

"తెలుగులో ఎవరు వెతుకుతారక్కా?"

"వెతికినవాళ్ళకి దొరకాలిగా."

ఆ ఇంటి పెద్దాయన రిలీజ్ కాగితం మీద తెలుగులో గుండ్రంగా సంతకం పెట్టి పంపారు. హాలు ఫోటోని పెద్దది చేసి చూశాను. స్తంభం పక్కన గోడకి పాత పెళ్ళి ఫోటో వేలాడుతోంది. తీసిన స్టూడియో ఏదో, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో కనుక్కోమని ఆ అమ్మాయికి చెప్పాను.