ఏజెన్సీ కోర్టులో బెంచి క్లర్కు ఉద్యోగం: నా అనుభవం

గోదావరి ఏజెన్సీలో స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టుకు బెంచి క్లర్కుగా వేశారనగానే, "అది కోర్టా, రెవెన్యూ ఆఫీసా?" అని ఇంట్లో అడిగారు. రెండూనూ. భూమి కేసులు వినేది రెవెన్యూ అధికారే.

ఇక్కడ నడిచేవి ఎల్‌టీఆర్, అంటే ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ రెగ్యులేషన్ కేసులు. 1959 నాటి భూ బదలాయింపు చట్టం, దానికి 1970లో వచ్చిన సవరణ, అదే అందరూ చెప్పుకునే వన్ ఆఫ్ సెవెంటీ, అంటే 1970 నాటి ఒకటో రెగ్యులేషన్. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదలాయించకూడదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి సాగులో ఉన్న భూమి గిరిజనుడి నుంచి చేతులు మారిందనే చట్టం అనుకుంటుంది. కాదంటే రుజువు చూపాల్సింది ఆ గిరిజనేతరుడే. చదవడానికి ఎంత బాగుంటుందో!

పొద్దున్నే వాయిదా డైరీ తీసి, ఆరోజు ఫైళ్లు వరసగా పేర్చి, నోటీసులు అందాయో లేదో చూడాలి. చాలా కేసులకు అక్కడే బ్రేకు. "ఇంట్లో లేరు" అని రాసుకుని నోటీసు తిరిగొస్తుంది. ప్రతివాది చనిపోతే వారసులెవరో తేల్చాలి. అన్నీ కుదిరిన రోజున మా సార్‌కి కలెక్టరేట్‌లో మీటింగు, లేదా వరద డ్యూటీ. కేసు వాయిదా పడిందని అవతలివాళ్ల వకీలుకు ఫోన్‌లో తెలిసిపోతుంది. కొండమీది నుంచి కూలి మానుకుని వచ్చినవాళ్లకు మా గుమ్మంలోనే తెలుస్తుంది. నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది ఇదే. సార్‌ని అడిగి, వీలైనంతవరకు వాయిదాలు సంత రోజున వేయించాను. సంతకు ఎలాగూ దిగుతారు, వాయిదా మారినా కబురు ఊరికి చేరుతుంది.

ఒక కోయ తాత ప్లాస్టిక్ సంచిలోంచి సెటిల్‌మెంటు పట్టా తీసిచ్చాడు. మడతపెట్టీ పెట్టీ సరిగ్గా సర్వే నంబరు ఉన్నచోటే కాగితం అరిగిపోయింది. "ఇది చెల్లదా బాబూ?" అన్నాడు. "చెల్లుతుంది తాతా, నంబరు నేను తీయిస్తాను" అని చెప్పి, తహసీల్దారు ఆఫీసుకు లెటరు పెట్టి సెటిల్‌మెంటు అడంగల్, అంటే సర్వే నంబర్లవారీ భూమి రికార్డు, నకలు తెప్పించాను. అవతలివాళ్లు సాదా కాగితం మీద రాసుకున్న కొనుగోలు పత్రం, శిస్తు రసీదులు పెట్టారు. శిస్తు కట్టినంత మాత్రాన హక్కు రాదని సార్ ఆర్డరులో రాసి, భూమి ఖాళీ చేయించమన్నారు.

ఆర్డరు చేతికొస్తే పని అయిపోయిందనుకుంటారు. దానిమీద ఏజెంటుకు, అంటే కలెక్టరుకు, అప్పీలు. ఆపైన ప్రభుత్వానికి రివిజన్. ఆ తర్వాత హైకోర్టు. స్టే లేకపోయినా, రెవెన్యూవాళ్లు పొలంలోకి దిగి పంచనామా రాసి స్వాధీనం చేసేదాకా పంట అవతలివాడిదే. ఎన్ని ఆర్డర్లు అలా ఆగాయో చూద్దామంటే ఒక్కచోట లెక్క లేదు. అందుకని విడిగా ఒక రిజిస్టరు గీశాను: ఆర్డరు తేదీ, అప్పీలు, స్టే, పంచనామా. చివరి గడి చాలా పేజీల్లో ఖాళీయే. నెలాఖరుకి దాన్ని సార్ ముందు పెడితే తహసీల్దార్లకు మెమోలు వెళ్లేవి, కొన్ని గడులు నిండేవి కూడా. తాత కేసులో అప్పీలు పడింది కానీ స్టే రాలేదు. నేను బదిలీ అయ్యే వారం అతని ఊరి తహసీల్దారుకు ఇంకో మెమో టైపు చేసి, సంతకానికి పెట్టి వచ్చాను.